అరచేతుల సంగతి రాసినవాళ్ళు

అనంతపురం,
శనివారం రాత్రి.

చిరంజీవి తల్లికి,

నీ ఉత్తరం, దాంతో పంపిన కథ నాలుగు రోజులుగా నా బల్ల మీదే ఉన్నాయి. కథ రెండుసార్లు చదివాను. మీ జేజబ్బ ఆదోనిలో పత్తి అమ్ముకొని ఆలూరు దారిలో బండి తోలుకొస్తుంటే వంక దగ్గర కాపుకాసి నరికినారని రాశావు. తెల్లారేసరికి ఎద్దులు రెండూ మనిషి లేని బండిని ఈడ్చుకుంటూ వచ్చి గాటిపాట ముందర నిలబడ్డాయి చూడు, ఆ పేరాను ఇక ముట్టుకోవద్దు. ఎవరు మార్చమన్నా మార్చవద్దు.

నేను ఆగిపోయింది ఆ తర్వాతి పేజీలో. చంపినవాళ్ళ ఇంటిపేరు రాశావు. ఎవరు ఈటె ఎత్తారో, ఎవరు కొడవలి విసిరారో రాశావు. నీకెలా తెలుసమ్మా? "మా ఇంట్లో అందరికీ తెలుసు పెద్దాయనా" అంటావు. సరే, ఆ అందరిలో ఆ రాత్రి వంక దగ్గర ఎవరున్నారు?

కాగితం కోసం వెతికావనీ, ఇంగ్లండులో కరోనర్, అంటే అనుమానపు చావులను విచారించే అధికారి, రికార్డులు చూసి ముత్తాతల చావులు తెలుసుకుంటారని చదివి కర్నూలులో కరోనర్ ఆఫీసు ఎక్కడుందో అడిగావనీ, అక్కడివాళ్ళు తెల్లమొహం వేశారనీ రాశావు. వాళ్ళ తప్పు లేదు. కరోనర్ మన పల్లెలకు ఎప్పుడూ రాలేదు. 1871లో చేసిన కరోనర్ల చట్టం మద్రాసు, కలకత్తా, బొంబాయి పట్టణాలకే. దత్తమండలాల్లో, అంటే మన సీమలో, అనుమానపు చావు జరిగితే తలారి పోయి రెడ్డికి చెప్పేవాడు. రెడ్డి అంటే ఇక్కడ కులం కాదు, గ్రామ మునసబు ఉద్యోగం. ఆయన పోలీసుకు కబురంపి, నలుగురైదుగురు పెద్దమనుషులను శవం దగ్గర కూర్చోబెట్టేవాడు. కరణం రాసేవాడు. ఆ కాగితమే శవ పంచనామా. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ 1973 కోడ్‌లోనూ అది సెక్షన్ 174. 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 194 అయింది. ఇరుగుపొరుగున ఉండే గౌరవస్తులు ఇద్దరో అంతకంటే ఎక్కువమందో ఉండాలని పాత కోడ్ మాట. కాబట్టి నువ్వు అడగాల్సింది పంచనామా. కరోనర్ అని అడిగితే ఏ రికార్డు రూములోనూ తలుపు తెరుచుకోదు.

రెండో సంగతి. నువ్వు కర్నూలులో వెతికావు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి జిల్లాలోవి. ఆ రోజు ఆలూరు, ఆదోని కర్నూలుకు వచ్చాయి, రాయదుర్గం మా అనంతపురానికి వచ్చింది. మీ జేజబ్బ పోయిన నాటికి మీ ఊరికి జిల్లా కచేరీ బళ్ళారిలో. ముందు అక్కడ అడగాలి. మన మూడు జిల్లాల్లో ఇలాంటి తికమక చాలా ఉంది. అనంతపురం జిల్లాయే 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది. కదిరి 1910 దాకా కడపలో ఉండేది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2022లో జిల్లాలు మళ్ళీ చీలాయి. ఇవాళ్టి బోర్డు చూసి పాత కాగితం వెతికితే కాళ్ళనొప్పులు తప్ప ఏమీ దొరకదు.

మూడో సంగతి, ఏడు. మీ అవ్వ "వ్యయ సంవత్సరంలో" అందనీ, నువ్వు దాన్ని 1946 చేసుకున్నాననీ రాశావు. వ్యయ 1946 ఉగాది నుంచి 1947 ఉగాది దాకా. వెనకపైరు హింగారు పత్తి ఇంటికొచ్చేది సంక్రాంతి దాటాకే కదా? పత్తి అమ్ముకొస్తుంటే జరిగిందన్నది నిజమైతే అది 1947 మొదటి నెలల మాట. నువ్వు 1946 రిజిస్టర్లు తిరగేసి లేదనుకొని వచ్చేశావు. ఊరి కాగితాల్లో ఫసలీ లెక్క ఉంటుంది, అది శిస్తు లెక్కల ఏడాది, జూలైలో మొదలవుతుంది. నీకు కావలసింది ఫసలీ 1356. దానికి 590 కలుపుకో, జనవరి నుంచి అయితే 591. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది. మా వైపు ముసలివాళ్ళు "ధాత కరువు" అంటే అది 1876 నాటిది. 1936లోనూ ధాత వచ్చింది. ఏ ధాతో అడిగి తెలుసుకోకుండా రాసి రెండు తరాలు తారుమారు చేసినవాళ్ళను నేనెరుగుదును.

ఇక నీకు అసలు చెప్పదలచుకున్నది. దీనికి నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. బయట ఎక్కువమందికి చెప్పలేదు.

మా అమ్మకు పెద్దక్క పదిహేడేళ్ళకు అత్తగారి ఊళ్ళో బావిలో పోయింది. అప్పటికి మా అమ్మకు పదేళ్ళు. ఇంట్లో ఆమె పేరెత్తేవాళ్ళు కాదు. తప్పనిసరైతే "బాయిలో పడిన్యామె" అనేవాళ్ళు, దూకిందని అర్థం వచ్చేలా గొంతు తగ్గించి. ఇంట్లో ఇంతమంది ఆడపిల్లలు పుట్టారు, ఒక్కరికీ ఆ పేరు పెట్టలేదు. పెద్దల పండక్కి అందరికీ గుడ్డలు పెట్టేవాళ్ళు, ఆమెకు పెట్టేవాళ్ళు కాదు. నాకు ముప్పై ఏళ్ళప్పుడు దాన్ని కథ చేశాను. అత్త ఆరళ్ళు పడలేక అర్ధరాత్రి బావిలోకి దూకిన కోడలు. ఒక వారపత్రికలో వచ్చింది. చదివినవాళ్ళు ఏడ్చామని ఉత్తరాలు రాశారు. నేనూ నిజమే రాశాననుకున్నాను.

1984లో కరణాలను, మునసబులను తీసేశారు కదా. ఆ తర్వాత పదేళ్ళకు ఆ ఊరి పాత కరణంగారి పిల్లలు ఇల్లు అమ్ముతూ, తాలూకా కచేరీలో పనిచేసినవాణ్ణని, గొలుసుకట్టు పాత రాత చదవగలనని, దఫ్తరాలు చూడమని నన్ను పిలిచారు. ఎర్రగుడ్డలో కట్టిన మూటలు. చాలావరకు చెదలు తిన్న అడంగళ్ళు, పొలాల లెక్కలు. ఒక మూటలో మడత పెట్టిన నాలుగు కాగితాలు. పంచనామా నకలు. విక్రమ సంవత్సరం మార్గశిరం, ఫసలీ 1350. పైన మా పెద్దమ్మ పేరు.

శవం ఎలా ఉందో రాశారు. కట్టుకున్న చీర రంగు, మెడలో ఏమున్నాయి, కాళ్ళకు ఏమున్నాయి. తర్వాత ఈ మాటలు: "అరచేతులు రెండింటియందును తాడు ఒరుసుకొని తోలు లేచియున్నది. గోళ్ళ సందులయందు పాచి యున్నది." కింద ఇంకో వాక్యం, కడవ మెడకున్న తాడు కొస తెగి ఉన్నదని. ఆఖరున ఐదుగురి అభిప్రాయం, నీళ్ళు చేదుకొంటూ కాలుజారి పడినట్లు తోస్తున్నదని. ముగ్గురి చేవ్రాళ్ళు, ఇద్దరి నిశానీలు.

ఆ మొదటి రెండు వాక్యాలు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. తోలు లేచేదాకా తాడు పట్టుకొని వేలాడిన పిల్ల. గోళ్ళతో రాతికట్టు గీరిన పిల్ల. ఆమె చేత నేను కథలో చేతులు జోడింపజేసి దూకించాను.

అయితే అక్కడితో ఆగలేదు, ఆగకూడదు కూడా. కచేరీ అనుభవం నన్ను ఇంకోటి అడిగించింది. ఆ ఐదుగురు ఎవరు? ఇద్దరు ఆ అత్తగారింటి దాయాదులు. ఒకడు వాళ్ళ పొలం కోరుకు చేసేవాడు. కాలుజారి పడిందని అనడం వాళ్ళకు కావలసిన మాటే. కాబట్టి అభిప్రాయాన్ని నేను నమ్మలేదు. అరచేతులను నమ్మాను. ఆ అరచేతుల సంగతి రాసినందువల్ల అక్కడున్న ఎవరికీ లాభం లేదు, రాయకపోతే అడిగేవాడూ లేడు. చూశారు గనుక రాశారు. ఆమెను ఎవరైనా తోశారా? అరచేతులు చెప్పవు. ఆ పూట అత్తతో గొడవ జరిగిందా? చెప్పవు. ఆఖరి నిమిషంలో బతకాలని తాడు పట్టుకొంది. అంతవరకు చెబుతాయి. నేను రాయగలిగింది అంతవరకే.

పంచనామాలో ఈ రెండు భాగాలూ వేరు. కంటికి కనిపించినది ఒకటి, దాన్నిబట్టి అనుకున్నది ఒకటి. మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఒక కేసులో 1975లో సుప్రీంకోర్టు కూడా దీన్ని తేల్చింది. చావుకు పైకి కనిపించే కారణం ఏమిటో చూడటం వరకే పంచనామా పని, ఎవరు కొట్టారు, ఎలా కొట్టారు అన్నది దాని పరిధి కాదని. కోర్టుకే లేని ధైర్యం మనం కథలో ఎందుకు తెచ్చుకోవాలి?

కాబట్టి మీ జేజబ్బ కాగితం దొరికితే ఇలా చదువు. ఎవరు ఆఖరుసారి బతికుండగా చూశారో ఉంటుంది. ఎవరు మొదట శవాన్ని చూశారో ఉంటుంది. ఆ పేరు రాసుకో, వాళ్ళ పిల్లల దగ్గరికి పో. గాయాలు ఎన్ని, ఎక్కడ, ఎంత పొడవు, ఏ ఆయుధంతో అయినట్లున్నాయి అన్నవి నెమ్మదిగా చదువు. బొడ్డుసంచిలో డబ్బు ఉందా లేదా చూడు. పత్తి అమ్మిన డబ్బు అలాగే ఉంటే ఒక కథ, లేకపోతే ఇంకో కథ. నీ కథలో డబ్బు ప్రస్తావనే లేదు, నాకు అది మొదటిసారి చదివినప్పుడే తట్టింది. పంచనామాకు కూర్చున్న పంచాయతీదార్ల ఇంటిపేర్లు మీ అవ్వకు చదివి వినిపించు. ఎవరు ఎవరికి ఏమవుతారో ఆమెకే తెలుసు, ఏ రికార్డులోనూ ఉండదు.

దొరక్కపోవచ్చు కూడా, దానికీ సిద్ధపడు. పాత మద్రాసు పద్ధతిలో ప్రతి ఫైలుకూ ఆయుష్షు రాసిపెట్టేవాళ్ళం. ఆర్.డిస్ అంటే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్ అంటే పదేళ్ళకు నాశనం. ఎల్.డిస్ అంటే ఏడాదికే. ఎవరి మీదా అనుమానం తేలని చావుల కాగితాలు ఎక్కువగా చిన్న ఆయుష్షువే. నేనే నా చేతులతో కట్టలు కట్టి నాశనానికి పంపాను, వాటిలో ఎవరి పెద్దమ్మలు ఉన్నారో ఇప్పుడు తలచుకుంటే నిద్ర పట్టదు. హత్య కేసై సెషన్స్ కోర్టు దాకా పోయుంటే తీర్పు మిగిలే అవకాశం ఎక్కువ. ఆ రోజుల్లో బళ్ళారి అప్పీళ్ళు మద్రాసు హైకోర్టుకు పోయేవి. మద్రాసు ప్రభుత్వం కాలపు ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఊరి చావుపుట్టుకల రిజిస్టరు వేరే వెతుకు. కలరా, మశూచి, జ్వరాలు, గాయాలు అని గళ్ళుండేవి. మీ జేజబ్బ "గాయాలు" గడిలో ఉన్నాడో, "జ్వరాలు" గడిలో ఉన్నాడో చూడు. 1926లో పప్పూరి రామాచార్యులుగారు అనంతపురంలో మొదలుపెట్టిన సాధన పత్రిక పాత సంచికలు దొరికితే వదలకు. ఇంగ్లండులో కూడా అసలు ఫైళ్ళు పోయిన చావులెన్నో పత్రికల్లోనే మిగిలాయి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. ఇరవై ఏళ్ళు దాటిన సంగతులకు అందులోని మినహాయింపులు చాలావరకు అడ్డురావు, ఆ చట్టం సెక్షన్ 8(3) చూడు. దరఖాస్తులో "మా తాతగారి హత్య" అని రాయకు. ఊరు, ఫసలీ, పేరు, తండ్రి పేరు, పంచనామా నకలు, అంతే.

ఇంటిపేరు సంగతికి మళ్ళీ వస్తున్నాను. ఆ ఇంటివాళ్ళు ఇంకా అదే ఊళ్ళో ఉన్నారని నువ్వే రాశావు. మన సీమలో ఒక పేరు అచ్చులో పడితే అది కథగా ఉండదు తల్లీ. ఎనభై ఏళ్ళ నాటి చావును తీసుకొచ్చి ఇవాళ కాలేజీకి పోయే పిల్లోడి నెత్తిన పెడతారు. కాగితం దొరికినా ఆ పేరు తీసెయ్. చేతనైతే వాళ్ళింటికీ పో. ఆ రాత్రి గురించి వాళ్ళింట్లోనూ ఒక మాట ఉంటుంది. విను, రాసుకో, వాదించకు. రెండిళ్ళ మాటలు, ఒక పంచనామా, మధ్యలో తెలియని ఖాళీ. ఆ ఖాళీని కథలో ఖాళీగానే ఉంచు. ఎద్దులు ఇంటికొచ్చిన పేరా చూసిన తర్వాత నీకది చేతనవుతుందని నాకు నమ్మకం.

మా పెద్దమ్మ కథను నేను మళ్ళీ రాయలేదు. నకలు మాత్రం తీసుకుపోయి మా అమ్మకు చదివి వినిపించాను. అప్పటికి ఆమెకు అరవై నాలుగు. అంతా విని, "అరసేతులది మళ్ళా సదువు" అంది. చదివాను. తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది. ఆ సంక్రాంతికి పెద్దల ముందు ఒక చీర ఎక్కువ పెట్టారు మా ఇంట్లో.

బళ్ళారి ఎప్పుడు పోతావో రెండు రోజుల ముందు చెప్పు, నేనూ వస్తాను. అక్కడి కాగితాలు కొన్ని కన్నడంలో ఉంటాయి, చదివేవాళ్ళను ఒకరిని మాట్లాడి పెడతాను. గొలుసుకట్టు నేను చూసుకుంటా. భూతద్దం నా దగ్గరుంది. నువ్వు మీ అవ్వను అడిగి ఒక్కటి తెలుసుకొని రా, ఆ రోజు బండిలో మీ జేజబ్బతో పాటు ఎవరైనా బయలుదేరారా అని.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన