గ్రీన్ సర్టిఫికెట్ కోసం రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవచ్చా?

ప్రశ్న: నేనూ మా బావమరిదీ కలిసి పోరంకిలో 720 గజాల్లో పది ఫ్లాట్లు కడుతున్నాం. ప్రభుత్వ రంగ బ్యాంకు కోటి 20 లక్షల లోను మంజూరు చేసింది. ఎడ్జ్ సర్టిఫికెట్ (కరెంటు, నీళ్లు పొదుపు చేసే భవనాలకిచ్చే గ్రీన్ సర్టిఫికెట్) తెస్తే వడ్డీలో పావు శాతం తగ్గిస్తారు. అది వచ్చేదాకా చివరి విడత 25 లక్షలు ఇవ్వరు. డిజైన్ మీద ప్రాథమిక సర్టిఫికెట్ వచ్చింది. సోలార్, డబుల్ గ్లాస్ కిటికీలు, పైకప్పు పనులకు ఇంకా 18 లక్షలు కావాలి. తెలిసినవాళ్లు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. మూడు నెలల్లో తీర్చేస్తాం. 11 లక్షల ఎఫ్‌డీ ఉంది, అవసరమైతే అదీ తీస్తాం. సోలార్‌కు ఫ్లాటుకు 78 వేల సబ్సిడీ వస్తుందంటున్నారు. ఇంటి ఖర్చు నెలకు 60 వేలు, లోను వడ్డీ 80 వేలు. మా ఆలోచన సరైనదేనా? - ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దండీ. రావలసిన డబ్బును వచ్చేసిన డబ్బుగా లెక్కేసుకుని చేబదులుకు వెళ్లడం చిన్న బిల్డర్లలో బాగా పెరిగింది. మీ ఉత్తరానికి ఇక్కడ జవాబివ్వడం అందుకే.

ముందు ఈ లెక్క చూడండి. కోటి 20 లక్షల మీద పావు శాతమంటే ఏడాదికి 30 వేలు. 18 లక్షలకు రెండు రూపాయల వడ్డీ నెలకు 36 వేలు. ఏడాదంతా మిగిలేది ఒక్క నెల వడ్డీకి కూడా చాలదు. 'చివరి విడత కోసం కదా' అంటారు. ఆ విడత మూడు నెలల్లో వస్తుందని మీకు మాటిచ్చిందెవరు? తుది సర్టిఫికెట్‌కు కట్టడం పూర్తయ్యాక ఆడిటర్ రావాలి, డిజైన్‌లో రాసిందీ సైటులో ఉన్నదీ సరిపోల్చాలి. ఆ తర్వాత బ్యాంకు ఇంజనీరు చూడాలి. ఇందులో ఒక్క మెట్టూ మీ చేతిలో లేదు. వడ్డీ మాత్రం ఒకటో తారీఖుకల్లా వచ్చి కూర్చుంటుంది.

అసలు 18 లక్షలు అవసరమా? ఉత్తరంతో పాటు మీరు పంపిన ఎడ్జ్ లెక్కల షీటు ప్రకారం కరెంటు ఆదా 34 శాతం. ఎడ్జ్‌కు కావలసింది 20. కరెంటు, నీళ్లు, కట్టుబడి సామగ్రి తయారీ వల్ల పర్యావరణం మీద పడే భారం, ఈ మూడింటిలోనూ విడివిడిగా 20 శాతం ఆదా చూపిస్తే చాలు. షీటులో సోలార్ వాటా 9 శాతం, ఖర్చు 9 లక్షలు. డబుల్ గ్లాస్ వాటా 3 శాతం, ఖర్చు 4 లక్షలు. రెండూ తీసేసినా 22 ఉంటుంది. ఆ రెండూ లేకుండా మళ్లీ లెక్క కట్టి, మారిన డిజైన్‌కు ఆమోదం తెమ్మని మీ కన్సల్టెంటుకు చెప్పండి. విజయవాడ ఎండకు ఇల్లు కాగేది పై స్లాబు నుంచీ పడమటి గోడ నుంచీ. ఇళ్లలో కరెంటు పొదుపు కోసం 2018లో కేంద్రం తెచ్చిన నియమావళి ఎకో నివాస్ సంహిత మొదటి భాగం పట్టించుకున్నదీ పైకప్పు, గోడలు, కిటికీలనే. కాబట్టి స్లాబు మీద తెల్లటి కూల్ టైల్స్, పడమటి కిటికీలకు లోతైన సజ్జాలు, నీళ్లు పొదుపు చేసే కుళాయిలు వదలొద్దు. అవన్నీ మిగిలిన 5 లక్షల్లోనే ఉన్నాయి.

సోలార్ సబ్సిడీని మీ లెక్కలోంచి కొట్టేయండి. ఇంటి పైకప్పు సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 78 వేలనేది సొంత పైకప్పు, కరెంటు కనెక్షన్ ఉన్న గృహస్థుకు, 3 కిలోవాట్లు ఆపైన పెట్టుకుంటే వచ్చే గరిష్ఠ మొత్తం. అదీ బిగించి, తనిఖీ అయ్యాకే వస్తుంది. అమ్మబోయే పది ఫ్లాట్లకు మీరు పదిసార్లు తీసుకునేది కాదు. రేపు కొన్నవాళ్లు సంఘంగా ఏర్పడితే ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18 వేల చొప్పున వాళ్లే తెచ్చుకుంటారు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైనది మీ ఎఫ్‌డీ. దాన్ని ముట్టుకోవద్దు. ఇంటి ఖర్చు, లోను వడ్డీ కలిపి మీకు నెలకు లక్షా 40 వేలు. 11 లక్షలంటే ఎనిమిది నెలలకు కాస్త తక్కువ. పని ఆగిపోయినా మీ కుటుంబం నిలబడేది దానిమీదే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వాసులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నారు. అలాంటప్పుడు సిమెంటు పోతుంది, కూలీలు ఊళ్లకు వెళ్లిపోతారు, బుకింగులు ఆగుతాయి. చేబదులిచ్చినవాళ్లు మాత్రం ఆగరు. ఎఫ్‌డీ తీసి కిటికీలకు పెట్టేస్తే ఆ రోజు ఇంట్లో బియ్యానికి కూడా అప్పే గతి. దయచేసి ఆ పని చేయకండి.

5 లక్షలకు ముందు బ్యాంకునే అడగండి. చివరి విడతలోంచి పైకప్పు పనికి కొంత ముందే ఇవ్వమని రాతపూర్వకంగా కోరండి. కుదరకపోతే బ్యాంకులో బంగారం పెట్టండి. కొనుగోలుదారుల అడ్వాన్సుల్లో 70 శాతం రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) ప్రకారం తెరిచిన ప్రత్యేక ఖాతాలో ఉండాలి, దాన్ని పనికి తగ్గ సర్టిఫికెట్లతోనే తీయాలి. అటు చూడకండి.

లోను మీద సంతకం మీ ఇద్దరిదీ. ఒకరికేమైనా అయితే అప్పంతా రెండోవారి మీద పడుతుంది. మీ ఉత్తరంలో బీమా ఊసే లేదు. ఇద్దరూ చెరో కోటి 20 లక్షలకు తగ్గకుండా టర్మ్ పాలసీ తీసుకోండి, ఇంటి అవసరాలకు కావలసింది దానికి అదనం. సైటుకు కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ, అంటే కట్టడం జరుగుతుండగా వచ్చే నష్టాలకు బీమా, ఉందో లేదో, అందులో వరద నష్టం చేర్చారో లేదో ఈ వారమే చూడండి. లేకపోతే వానలు మొదలయ్యేలోపు తీసుకోండి. టైల్స్ ఆర్డరు ఆ తర్వాతే ఇవ్వండి.