‘అక్టోబర్ రస్ట్’ సీడీ మొదట్లో వచ్చే గుయ్‌మనే శబ్దం: సమాధానం

‘అక్టోబర్ రస్ట్’ సీడీ పెట్టగానే గుయ్‌మనే శబ్దం వస్తోందని, రెండు కేబుళ్లు మార్చి, చివరికి ఎర్త్ వైరు కూడా విప్పి చూశానని మీరు రాశారు. లోపం మీ సీడీలోనూ ఆంప్లిఫయర్‌లోనూ లేకపోవచ్చు. టైప్ ఓ నెగటివ్ అనే అమెరికన్ మెటల్ సంగీత బృందం 1996లో విడుదల చేసిన ఆ ఆల్బమ్‌లో మొదటి ట్రాకే ఆ శబ్దం. దాని నిడివి 38 సెకన్లు, పేరు ‘బ్యాడ్ గ్రౌండ్’, అంటే ఎర్తింగ్ సరిగా లేదని; అలా లేనప్పుడు స్పీకర్లలో ఇలాంటి శబ్దమే వస్తుంది. వినేవారు ఇలా తమ పరికరాలను అనుమానించాలనే, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కు చెందిన ఆ నలుగురు సభ్యులూ కోరుకున్నది.

1. శబ్దం వస్తుండగానే, వాల్యూమ్ కదపకుండా, పాజ్ నొక్కండి. చాలామంది ఈ ఒక్క పని మరిచి నేరుగా కేబుళ్ల మీద పడతారు. శబ్దం ఠక్కున ఆగిపోతే అది డిస్కులో రికార్డయినదే. పాజ్‌లో ఉన్నా సన్నగా గుయ్‌మంటూనే ఉంటే మాత్రం ఎర్తింగ్‌ను అనుమానించవలసిందే.

2. ఏది తేలినా, విప్పిన ఎర్త్ వైరును ముందుగా, ప్లగ్గు తీసివేసి, తిరిగి బిగించండి.

3. మూడో ట్రాకుకు వెళ్లండి. పేరులేని రెండోదానిలో సభ్యులు నవ్వు ఆపుకుంటూ, ఆల్బమ్ కొన్నందుకు కృతజ్ఞతలు చెబుతారు; అసలు పాటలు ఆ తరువాతే మొదలవుతాయి.

వీరిదే 1999 నాటి ‘వరల్డ్ కమింగ్ డౌన్’ కూడా కొనే ఉద్దేశముంటే, అందులో మొదటి ట్రాకు ‘స్కిప్ ఇట్’ గీతలు పడిన సీడీ ఎగిరెగిరి పడుతున్నట్లు వినిపిస్తుంది. నా దృష్టిలో పాత హాస్యమే మెరుగైనది, అయినా ఆ డిస్కును తుడవనక్కరలేదు.