రాజుగారి చౌక్ కింద చాకిరేవు

పోయిన నెల బార్సిలోనా గురించి రాస్తూ, అక్కడ ప్లాసా దెల్ రెయ్ అనే పాత చౌక్ కింద రోమన్ల కాలం నాటి పేట ఒకటి అలాగే ఉంది, దిగి నడిచి చూడొచ్చు అని నాలుగు లైన్లు రాశాను. ప్లాసా దెల్ రెయ్ అంటే రాజుగారి చౌక్ అని అర్థం. ఆ నాలుగు లైన్లకి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు, చాలా సంతోషంగా ఉంది, అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

మేడం, మా అబ్బాయికి బార్సిలోనాలో ఉద్యోగం, జూన్‌లో వెళ్తున్నాం. నాకు 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, పైగా మూసేసిన చోట ఊపిరాడనట్టుంటుంది. భూమి కిందకి దిగడం నావల్ల అవుతుందా? మావారేమో మొండి గోడలు చూడ్డానికి అంత దూరం వెళ్ళాలా అంటున్నారు.
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

తప్పకుండా అవుతుందమ్మా. కిందకి లిఫ్ట్ ఉంది. లోపల గుహలాగా ఇరుకుగా ఉంటుందని నేనూ భయపడ్డాను గానీ అస్సలు అలా ఉండదు, సుమారు 4000 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో ఎకరం నేల, పెద్ద కప్పు కింద విశాలంగా ఉంటుంది. లైట్లు కొంచెం మసకగా ఉంటాయి, అంతే. పాత గోడల మధ్య రాళ్ళ మీద నడవక్కర్లేదు, వాటి పైన కాస్త ఎత్తులో నడవడానికి దారి కట్టారు, దాని మీద నెమ్మదిగా వెళ్తూ కిందకి చూసుకోవడమే. ఒక గంటన్నర చాలు. మోకాళ్ళకి ఇబ్బంది అంటున్నారు కాబట్టి ఆ రోజు ఇంకేం ప్రోగ్రాం పెట్టుకోకండి, పొద్దున్నే వెళ్ళి చూసి ఇంటికొచ్చి పడుకోండి. మెట్రోలో అయితే జౌమె ప్రిమెర్ స్టేషన్‌లో దిగాలి, అక్కణ్ణుంచి దగ్గరే, మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది.

ఇక మీవారి సంగతి. అక్కడున్నవి రాజుల గోడలు కాదని చెప్పండి. బట్టలుతికిన చోటు, చేపలు ఊరేసిన చోటు, ద్రాక్షలు తొక్కిన చోటు అని చెప్పండి, ఆయనే ముందు బయల్దేరతారు.

అసలు ఊరు ఊరంతా భూమి లోపలికి ఎలా దిగిపోయింది? భూకంపం వచ్చిందా?
– ఒక పాఠకుడు, తెనాలి

లేదండి, భూకంపం ఏమీ రాలేదు. మా అమ్మమ్మగారింటికి చిన్నప్పుడు రోడ్డు మీంచి నాలుగు మెట్లెక్కి అరుగు మీదకి వెళ్ళేవాళ్ళం. తర్వాత కంకర రోడ్డేశారు, దాని మీద తారు, ఆ తర్వాత దాని మీదే సిమెంట్ రోడ్డు, ఇప్పుడు అదే ఇంట్లోకి రోడ్డు మీంచి రెండు మెట్లు దిగి వెళ్తున్నాం, వానొస్తే నీళ్ళు లోపలికొచ్చేస్తాయి. ఇల్లు దిగలేదు, ఊరు లేచింది. యాభై ఏళ్ళలోనే ఇంత తేడా వస్తే రెండు వేల ఏళ్ళకి ఎంత రావాలో మీరే ఊహించుకోండి.

బార్సిలోనాలో జరిగింది అదే. క్రీ.పూ. 10 ప్రాంతంలో అగస్టస్ చక్రవర్తి కాలంలో రోమన్లు అక్కడ బార్సినో అని చిన్న ఊరు కట్టారు, చుట్టూ కోట గోడ, లోపల తిన్నటి వీధులు. తర్వాత క్రైస్తవం వచ్చింది, ఆ పాత ఇళ్ళూ దుకాణాల మీదే బిషప్ గారి భవనం, చర్చి లేచాయి, రోమన్ల తర్వాత విసిగోతులు అనే జర్మన్ జాతి పాలకులు వచ్చారు, ఆ తర్వాత రాజులు వాటి మీద కోట కట్టుకున్నారు, కోట ముందు చౌక్ ఏర్పడింది. పాత గోడని పీకేయడం ఎందుకని దాన్నే పునాదిగా వాడుకున్నారు, గుంటల్ని మట్టితో పూడ్చారు. అలా ఒకదాని మీద ఒకటి పడి అడుగుది అందరూ మర్చిపోయారు.

మళ్ళీ బయటపడిన వైనం నాకు చాలా ఇష్టం. 20వ శతాబ్దం మొదట్లో పాత ఊరి మధ్యలోంచి పోర్టు దాకా వియా లాయెతానా అని వెడల్పాటి రోడ్డు వేశారు, మనకి రోడ్డు వైడెనింగ్‌లో ఇళ్ళు పోతాయి చూడండి, అచ్చం అలాగే బోలెడు పాత ఇళ్ళు పోయాయి. ఆ చుట్టుపక్కలే మెర్కదెర్స్ వీధిలో ఉన్న కాసా పదెల్యాస్ అనే పాత మేడని మాత్రం పడగొట్టడానికి మనసొప్పలేదు, రాయి రాయి విప్పి తీసుకొచ్చి 1931లో రాజుగారి చౌక్ పక్కన మళ్ళీ నిలబెట్టాలనుకున్నారు. నిలబెట్టాలంటే పునాది తవ్వాలిగా, తవ్వితే కింద రోమన్ ఊరు! ఒక ఇంటిని కాపాడబోతే దాని పుణ్యాన ఒక ఊరు దొరికింది. ఆ ఇంట్లోనే 1943లో నగర చరిత్ర మ్యూజియం తెరిచారు, ఇవాళ మనం టికెట్ కొని లోపలికెళ్ళేది ఆ మేడ గుమ్మంలోంచే.

మా పాపకి 9 ఏళ్ళు. మ్యూజియం అంటే చాలు బోర్ అంటుంది. తీసుకెళ్ళమంటారా? తీసుకెళ్తే ఏం చూపించాలి?
– ఒక తండ్రి, విజయవాడ

తీసుకెళ్ళండి బాబూ, కానీ అన్నీ చూపించకండి. మూడు చాలు.

మొదటిది చాకిరేవు. 2వ శతాబ్దం నాటి బట్టలుతికే, రంగులద్దే వర్క్‌షాప్ అది, నేలలో కట్టిన తొట్లు ఇప్పటికీ కనిపిస్తాయి, రంగులేసే చోట నీలం ఆనవాళ్ళు కూడా చూడొచ్చు. అప్పట్లో బట్టలకి సబ్బు వాడకం పెద్దగా లేదు, మరి మురికి ఎలా పోయేదో ముందు పాపని ఊహించమనండి, తర్వాత చెప్పండి, మనుషుల మూత్రంతో అని. రోమన్లు దాన్ని కుండల్లో పట్టి నిల్వబెట్టి, నీళ్ళతో కలిపి తొట్లో పోసి బట్టలేసి కాళ్ళతో తొక్కేవాళ్ళు. పాప ఛీ అంటుంది, అననివ్వండి, ఆ తర్వాత ఇంకా చాలా అడుగుతుంది. నిల్వున్న మూత్రంలో అమ్మోనియా తయారై జిడ్డుని వదలగొడుతుంది, మన ఊళ్ళల్లో చాకలివాళ్ళు చౌడు మట్టి కలిపి బట్టల్ని ఉబ్బ వేసేవాళ్ళు కదా, పని చేసేది అదే గుణం, క్షారం. వెస్పేసియన్ అనే చక్రవర్తి ఆ మూత్రం మీద పన్ను కూడా వేశాడు, అంత గిరాకీ ఉండేదన్నమాట. నాకైతే ఆ తొట్ల దగ్గర నిలబడితే రోజంతా ఆ వాసనలో కాళ్ళు నానబెట్టుకుని నిలబడ్డ మనుషులే గుర్తొచ్చారు, వాళ్ళ పేరు ఒక్కటీ మనకి మిగల్లేదు, వాళ్ళు తొక్కిన తొట్టి మిగిలింది.

రెండోది చేపల ఫ్యాక్టరీ, 3వ శతాబ్దానిది. చిన్న చేపలు, పెద్ద చేపల పేగులు, ఉప్పు, ఇవన్నీ కలిపి ఎండలో నెలల తరబడి ఊరబెట్టి గారం అనే పులుసు లాంటిది తీసేవాళ్ళు, రోమన్లకి అది లేందే ముద్ద దిగేది కాదు. ఉప్పు చేపలు, ఎండ్రొయ్యలు తెలిసిన మనకి వింతేం కాదు, వాసన కూడా ఊహించుకోగలం. ఆ తొట్ల లోపలి పూత దగ్గరగా చూడండి, ఎర్రగా చుక్కలు చుక్కలుగా ఉంటుంది, సున్నంలో ఇటుక, పెంకు ముక్కలు దంచి కలిపిన పూత అది, నీళ్ళు దిగవు. మన పాత మేస్త్రీలు సుర్ఖీ అనేవాళ్ళు చూడండి, అదే పద్ధతి.

మూడోది ద్రాక్షసారా తయారుచేసిన చోటు. పెద్ద పెద్ద మట్టి బానల్ని నేలలో పూడ్చి పెట్టారు, పైనుంచి చూస్తే గుండ్రటి మూతులు వరసగా కనిపిస్తాయి. పాపని లెక్కపెట్టమనండి.

గైడ్‌ని పెట్టుకోవాలా, టికెట్ కొనుక్కుని మనమే తిరగొచ్చా? ఖర్చు ఎక్కువవుతుందని అడుగుతున్నా.
– హైదరాబాద్ నుంచి ఒక ఉద్యోగిని

మనమే తిరగొచ్చు, ఆడియో గైడ్ కూడా దొరుకుతుంది. కానీ నా మాట వింటే ఒక్కసారి గైడ్‌తోనే చూడండి. ఎందుకంటే చదువుకోని కంటికి అక్కడ అన్నీ ఒకేలా కనిపిస్తాయి, మోకాలెత్తు గోడ, పక్కన ఇంకో మోకాలెత్తు గోడ. అందులో ఏది రోమన్‌ది, ఏది నాలుగొందల ఏళ్ళ తర్వాత దాని మీద లేచిన చర్చిది అని వేలు పెట్టి చూపించే మనిషి ఉంటే ఆ రాళ్ళ కుప్ప కాస్తా వీధిలా, ఇంటిలా, గుమ్మంలా విడిపోతుంది. మా మొదటి ట్రిప్‌లో ఊరంతా తిప్పే ఒక ప్యాకేజీ టూర్‌లో వెళ్ళాం, ఆ గైడ్ పాపం టైం లేదంటూ పావుగంటలో మొత్తం పరిగెత్తించాడు, బయటికొచ్చాక మా చెల్లి "అక్కా, మనం ఇప్పుడేం చూశాం?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. చాలా బాధనిపించింది, అందుకే మర్నాడు మేమిద్దరమే మళ్ళీ టికెట్ కొనుక్కుని వెళ్ళాం. కాబట్టి బుక్ చేసేముందు కింద ఎంతసేపు ఉంచుతారు, ఏ భాషలో చెప్తారు అని అడగండి, అక్కడి స్థానిక భాష కాటలాన్‌లో చెప్పే టూర్ పొరపాటున కొనేసే ప్రమాదం ఉంది. సోమవారం మూసి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం 3 దాటాక ఉచితం అని నేను వెళ్ళినప్పుడు ఉంది, వెళ్ళేముందు ఒకసారి వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి, అయితే ఉచితం కదా అని అప్పుడు జనం ఎక్కువొస్తారు.

నేను ఎమ్మే హిస్టరీ చదువుతున్నాను అక్కా. ఈ రోమన్ ఊరికీ మనకీ ఏమైనా సంబంధం ఉందా? మనకి నాగార్జునకొండ ఉంది కదా, అది అంతకంటే పెద్ద కథ కాదా?
– ఒక విద్యార్థి, వరంగల్

మంచి ప్రశ్న తమ్ముడూ. సంబంధం ఉంది. బార్సినోని స్థాపించింది అగస్టస్ కాలంలో అన్నాను కదా, ఆ అగస్టస్ బొమ్మ ఉన్న వెండి నాణేలు మన నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో కుప్పగా దొరికాయి, ఆయన తర్వాతి చక్రవర్తి టైబీరియస్‌వి కూడా అందులో ఉన్నాయి. మన సరుకు కొనడానికి వచ్చిన డబ్బు అది. ఇంకా పుదుచ్చేరి పక్కన అరికమేడులో దొరికిన రోమన్ జాడీ ముక్కల్లో గారం తెచ్చినవి కూడా ఉన్నాయి, అంటే ఆ చేపల పులుసు ఓడెక్కి మన తూర్పు తీరం దాకా వచ్చింది.

నాగార్జునకొండ అడిగావు కాబట్టి మనసులో మాట చెప్తా. సాగర్ డ్యాం కడితే లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా పగలూ రాత్రీ అన్నట్టు తవ్వారు. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి, ఆరామాలు, స్తూపాలు, మెట్ల వరసలతో ఆటల ప్రాంగణం, అన్నీ బయటపడ్డాయి. కొన్నిటిని ఇటుక ఇటుక విప్పి కొండ మీదకీ, అనుపుకీ తరలించి మళ్ళీ కట్టారు, మిగతాది నీళ్ళ కిందకి వెళ్ళిపోయింది. బార్సిలోనాలో ఇల్లు జరిగి నేల నిలిచింది, మనకి నేల మునిగి ఇళ్ళు జరిగాయి. ఇందులో ఎవర్నీ తప్పుపట్టను, ఆ నీళ్ళతోనే కదా లక్షల ఎకరాలు పండుతున్నాయి, తవ్వినవాళ్ళు ఆరేళ్ళలో చేసిన పని చిన్నదేం కాదు. కానీ చాకిరేవు తొట్టి ముందు నిలబడ్డప్పుడు నాకు అర్థమైంది ఏంటంటే, శిల్పాన్ని ఎక్కడికి తీసుకెళ్ళినా అది శిల్పమే, కాలవని తీసుకెళ్ళలేం. తొట్లోంచి నీళ్ళు ఏ వాలుకి పోయి ఏ వీధి మురుక్కాలవలో కలిశాయో అనేది ఆ నేల మీదే తెలుస్తుంది. ఇంకో సంగతి, బార్సినోలో చేపలు ఊరేస్తున్న ఆ 3వ శతాబ్దంలోనే విజయపురిలో ఇక్ష్వాకులు ఏలుతున్నారు. లాంచీలో కొండకి వెళ్ళినప్పుడు మ్యూజియం ఒక్కటే చూసి వచ్చేయకు, తిరిగొచ్చేటప్పుడు పడవలోంచి నీళ్ళ వైపు కాసేపు చూడు, ఊరు అక్కడుంది.

కొలంబస్ అమెరికా నుంచి తిరిగొచ్చి ఆ చౌక్‌లోనే రాజుగారిని కలిశాడట, నిజమేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

1493లో స్పెయిన్ రాజు ఫెర్డినాండ్, రాణి ఇసబెల్లా అతన్ని బార్సిలోనాలోనే కలిశారు, అది నిజం. చౌక్ పక్కనున్న తినెల్ దర్బారు హాల్లోనే అనేది మాత్రం జనం చెప్పుకునే మాట. ఆ హాలు 14వ శతాబ్దానిది, పెద్ద పెద్ద రాతి కమానులతో చాలా బావుంటుంది, కిందది చూసి పైకొచ్చాక చూడండి.

మాకు బార్సిలోనాలో ఒక్క పూటే టైం ఉంది, టికెట్ క్యూలో నిలబడలేం. బయట నుంచి ఉచితంగా చూడగలిగింది ఏమైనా ఉందా?
– డల్లాస్ నుంచి ఒక జంట

ఉంది. చౌక్ నుంచి నాలుగడుగులేస్తే పరదీస్ అనే ఇరుకు సందు వస్తుంది, అందులో ఒక పాత ఇంటి నడవలో అగస్టస్ గుడి స్తంభాలు నాలుగు నిలబడి ఉన్నాయి, ఒక్కోటి సుమారు 9 మీటర్లు, మూడంతస్తుల ఎత్తు. రోమన్ ఊరికి నడినెత్తి అదే, అన్నిటికంటే ఎత్తైన చోటు. గుమ్మం చిన్నది, చూసుకోకపోతే దాటి వెళ్ళిపోతారు, తలుపు ముందు నేలలో ఒక తిరగలి రాయి పొదిగి ఉంటుంది, అది కనిపిస్తే ఆగండి.