విశాఖ తేమకి పాత పంక్ రాక్ వినైల్ రికార్డులు పాడవుతాయా?

రికార్డు పాడవదు, దాని అట్ట పాడవుతుంది. విశాఖలో ముందు కాపాడుకోవాల్సింది ఆ అట్టనే. వినైల్ అంటే పీవీసీ, నీటి గొట్టాల జాతి ప్లాస్టిక్కే, తేమని పీల్చదు. అట్ట, లోపలి కాగితపు కవరు, వాటిని అతికించిన జిగురు మాత్రం బాగా పీలుస్తాయి. బూజు అక్కడ పుట్టి, గాడిలో పేరుకున్న దుమ్ము మీదికీ, వేలిముద్రల జిడ్డు మీదికీ పాకుతుంది. సూది ఆ మచ్చల మీద నడిస్తే పాటలో చిటపటలు వినిపిస్తాయి.

పంక్ సేకరణలో ఇది మరీ బాధించే నష్టం, ఎందుకంటే విలువలో చాలా భాగం కాగితంలోనే ఉంటుంది. 1977లో బ్రిటన్‌లో వచ్చిన సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండ్ ఆల్బమ్ తొలి కాపీల్లో 11 పాటలే ఉన్నాయి. ఇంకో పాటని విడిగా 7 అంగుళాల రికార్డు చేసి, ఒక పోస్టరుతో సహా లోపల పెట్టారు. ఆ పోస్టరుకి బూజు పట్టిందంటే, రికార్డు ఎంత బాగా మోగినా పూర్తి కాపీ ధర రాదు.

గాలి చొరకుండా ప్లాస్టిక్‌లో బిగించేస్తే చాలనుకుంటారు చాలామంది. విశాఖ తీరంలోని లాసన్స్ బే గాలికి మెత్తబడిన అట్టని అలా మూస్తే తేమ లోపలే ఉండిపోతుంది. పైగా మెత్తని పీవీసీ కవరు ఏళ్ల తరబడి ఆనుకుని ఉంటే రికార్డు మీద తెల్లటి మసక వదులుతుంది. పాలిథిన్ కవరుతో ఆ బాధ లేదు. అట్టని ఏసీ గదిలో ఆరనిచ్చి, పైన తెరిచి ఉన్న పాలిథిన్ కవర్లో నిలువుగా నిలబెట్టండి. దొంతరగా పడుకోబెడితే మే నెల వేడికి అడుగువి వంకర పోతాయి.