షోనా కవిత్వం మీద పరిశోధన మొదలుపెట్టిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

నీ సినాప్సిస్ చదివాను. వలసపాలన తర్వాతి జింబాబ్వేలో షోనా కవిత్వం, సాంస్కృతిక అస్తిత్వం అన్న అంశం తీసుకున్నందుకు చాలా సంతోషం. ఏళ్ల తరబడి ఆఫ్రికన్ సాహిత్యం పాఠాలు చెప్పి రిటైరైన నాకు, మన ఇంట్లోనే ఒకరు ఆ దారి పట్టడం కన్నా ఏం కావాలి! కానీ రెండో పేజీలో "స్వాతంత్ర్యంతో షోనా కవులు తమ భాషను తిరిగి గెలుచుకున్నారు" అని రాశావు. ఆ వాక్యం తీసెయ్యి తల్లీ. అది ఉంటే థీసిస్ మొత్తం దాని వెనకే పోతుంది.

కెన్యా రచయిత గూగీని చదివిన వాళ్లకి మాతృభాషలో రాయడమే ప్రతిఘటన అని ఒక నమ్మకం ఏర్పడుతుంది. కెన్యాలో ఆయన వరకు అది నిజమే. దక్షిణ రొడీషియాలో, అంటే వలసపాలన నాటి జింబాబ్వేలో, కథ వేరు. అక్కడ షోనా, ఎన్‌డెబెలె భాషల్లో పుస్తకాలు రాయించి అచ్చు వేయించింది తెల్లవాళ్ల ప్రభుత్వమే. 1950ల్లో లిటరేచర్ బ్యూరో అని ఒక సంస్థ పెట్టి, రచయితల్ని ప్రోత్సహిస్తూనే, రాజకీయం వాసన తగిలిన రాతప్రతుల్ని పక్కన పెట్టేవారు. అంతకు ముందే చిషావాషాలో జెసూట్లు అనే క్యాథలిక్ మిషనరీలు జెజురు మాండలికంలో, మోర్గెన్‌స్టర్‌లో డచ్ మిషన్ వాళ్లు కరంగాలో, తూర్పు వైపు మెథడిస్టులు, ఆంగ్లికన్లు మన్యికాలో ఎవరి పుస్తకాలు వాళ్లు వేసుకున్నారు. 1931లో క్లెమెంట్ డోక్ అనే భాషావేత్త వీటన్నిటికీ కలిపి ఒకే రాతభాష ఉండాలని నివేదిక ఇచ్చాడు. అంటే ఈ రోజు మనం 'షోనా' అంటున్న గుర్తింపులోనే వలసపాలన చెయ్యి ఉంది. ఇంట్లో ఒక యాస, బడి పుస్తకంలో ఇంకో తెలుగు చదివి పెరిగిన దానివి, నీకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అలా ఎవరో కుదిర్చిన భాషని కవులు తమదిగా ఎలా చేసుకున్నారన్నదే నువ్వు అడగాల్సిన ప్రశ్న. సొలొమన్ ముత్స్వైరో రాసిన 'ఫెసో' దగ్గర ఆగి చూడు. షోనాలో అచ్చయిన మొదటి నవల అది. పైకి పాతకాలపు నాయకుల కథ. అందులో దుర్మార్గుడైన పాలకుడి పేరు ప్ఫుమోజెనా, తెల్ల ఈటె అని అర్థం. అధికారులు పట్టించుకోలేదు గానీ, చదివేవాళ్లకి తెలియాల్సింది తెలిసింది. ఆ నవల మధ్యలో నెహాండా న్యకసికనా అనే పూర్వీకురాలి ఆత్మకి మొరపెట్టుకునే పద్యం ఒకటి ఉంది. 1896-97 తిరుగుబాటు తర్వాత, నెహాండా పూనిన చార్వే అనే స్త్రీని బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీ పాలకులు 1898లో ఉరితీశారు. మా వాళ్లకి ఈ బాధ ఇంకెన్నాళ్లని పద్యం ఆమెని అడుగుతుంది. జాతీయోద్యమ సభల్లో ఆ పద్యం చదవడం మొదలయ్యాక పుస్తకాన్ని నిషేధించారు. 1994లో వచ్చిన జాతీయగీతానికి మాటలు రాసింది కూడా ఈ ముత్స్వైరోయే.

జనం ఆ పద్యాన్ని అంత సులువుగా ఎందుకు అందుకున్నారో తెలియాలంటే మాత్రం అచ్చు పుస్తకాలు కాసేపు మూసి వంశస్తుతుల దగ్గరికి పోవాలి. నీ ప్రణాళికలో వీటికి ఒక్క పేరా ఇచ్చావు. నన్నడిగితే ఒక అధ్యాయం ఇవ్వాలి. ప్రతి షోనా కుటుంబానికీ ఒక ముతుపో, అంటే వంశచిహ్నం, ఉంటుంది: సింహం, కోతి, ఏనుగు, గుండె, నీటి మడుగు, ఇలా. మన గోత్రం లాగే ఒకే ముతుపో వాళ్లు పెళ్లి చేసుకోకూడదు, ఆ జంతువు మాంసం తినకూడదు. ఇంటాయన వేట తెచ్చినా, ఎవరైనా మేలు చేసినా, ఊరికే థ్యాంక్స్ అని ఊరుకోరు. ఆ మనిషి ముతుపో పేరెత్తి, బిరుదులు చదివి, పూర్వీకులు నడిచొచ్చిన చోట్లు, వాళ్లని పాతిపెట్టిన చోట్లు వరసగా తలుస్తారు. 1930 భూపంపిణీ చట్టం మంచి నేలలో ఎక్కువ భాగం తెల్లవాళ్లకి రాసిచ్చి, జనాన్ని నల్లవాళ్లకి కేటాయించిన రిజర్వుల్లోకి నెట్టింది. నేల పోయినా ఆ చోట్ల పేర్లు స్తుతుల్లో మిగిలాయి. నీ అస్తిత్వం అనే మాటకి ఇంతకన్నా గట్టి ఆధారం నాకు తెలియదు. ఆరోన్ హోడ్జా, జార్జ్ ఫార్చ్యూన్ కూర్చిన వంశస్తుతుల సంపుటం 1979లో వచ్చింది, ముందు అది సంపాదించు.

ఇంకో ముఖ్యమైన మాట. చెవితో చదువు. షోనాలో స్వరం పైకి వెళ్తే ఒక అర్థం, కిందికి దిగితే ఇంకో అర్థం, రాతలో మాత్రం ఆ గుర్తులుండవు. పైగా తెలుగులాగే అదీ అజంత భాష, పదాలన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. అందువల్ల ఇంగ్లీషు బడుల్లో నేర్చుకున్న అంత్యప్రాస అక్కడ వద్దన్నా వచ్చి పడుతుంది, పడి చప్పగా ఉంటుంది. పాత స్తుతుల పద్ధతి వేరు: ఒక పాదం చివర వచ్చిన మాటని తర్వాతి పాదం అందుకుని నడుస్తుంది. ధ్వని పదాలకైతే లెక్కే లేదు. తెల్లదనానికి 'ఎంబూ', ఎరుపుకి 'పిరివిరి'. మన ధగధగలు, మిలమిలలు తెలిసిన చెవికి వాటి పని ఇట్టే పట్టుబడుతుంది. చిరికురే చిరికురే అనే కవి చదివిన రికార్డింగులు వెతికి, ఎంబీరా వాద్యంతో పాటు విను.

స్వాతంత్ర్యం వచ్చిన 1980 ఏప్రిల్ 18 తర్వాతి కాలానికి చిరికురేనే నీకు దారి చూపిస్తాడు. 1989లో వచ్చిన ఆయన సంపుటి పేరు 'రుకువుటే', బొడ్డుతాడు. అక్కడ బొడ్డుతాడు పాతిన చోటే సొంత ఊరు. 1998 నాటి 'హకురార్వి' అంటే మనం నిద్రపోం అని. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఆ తొమ్మిదేళ్లలో స్వరం ఎలా మారిందో చూడు.

షోనా అంటే జింబాబ్వే అని మాత్రం ఎక్కడా రాయకు. స్వాతంత్ర్యం వచ్చిన కొద్దేళ్లకే గుకురహుండి పేరుతో మటబెలెలాండ్ ప్రాంతంలో సైన్యం వేలమంది ఎన్‌డెబెలె వాళ్లని చంపింది. ఆ బాధితుల పిల్లలు నీ థీసిస్ చదివినా నీ మాట నిలబడాలి. 2013 రాజ్యాంగం 16 భాషల్ని గుర్తించింది. డోక్ షోనా మాండలికం అన్న ఎన్‌డౌ కూడా అందులో వేరే భాషగా ఉంది. ఈ ఒక్క విషయం మీదే ఒక మంచి వ్యాసం రాయొచ్చు.

థియరీ గురించి టెన్షన్ పడకు, చివర్లో రాసుకోవచ్చు. జింబాబ్వే నుంచి మన దగ్గరికి చదువుకోడానికి వచ్చిన పిల్లలుంటారు, ముందు వాళ్లతో స్నేహం చెయ్యి. ముతుపో ఏమిటని అడుగు, ఇంట్లో స్తుతి ఎవరు చదువుతారని అడుగు. రికార్డు చేసేముందు తప్పకుండా అనుమతి తీసుకో, అది వాళ్ల ఇంటి సొత్తు. వంశస్తుతుల అధ్యాయం చిత్తుప్రతి అయ్యాక మీ గైడ్‌కి ఇచ్చేలోగా నాకొక కాపీ పంపు.

ఆశీస్సులతో,
మీ మామయ్య