డీవీడీని కాపీలకూ ప్రింటింగుకూ ఇచ్చే ముందు మాస్టరును, అంటే కాపీలన్నిటికీ మూలమయ్యే డిస్కును, ఎలా సిద్ధం చేసుకోవాలి?

కొద్ది సంఖ్యలో కాపీలైతే ఖాళీ డిస్కుల మీద లేజరుతో రాస్తారు. వేలల్లో అయితే గాజు మాస్టరు నుంచి లోహపు అచ్చు తీసి, పాలీకార్బనేటు డిస్కులను దానితో తయారుచేస్తారు. ఏ పద్ధతిలోనైనా మాస్టరులోని లోపం ప్రతి కాపీలోకీ దిగుతుంది కనుక, తనిఖీ విషయంలో ఎంత పట్టుదలగా ఉన్నా తప్పులేదు.

ఒకే పొర ఉన్న డిస్కు సామర్థ్యం 4.7 జీబీ అని రాసి ఉన్నా, చాలా కంప్యూటర్లు దాన్ని సుమారు 4.37గానే చూపిస్తాయి, కాబట్టి వీడియోను ఆ హద్దుకు కొంచెం లోపలే ఉంచడం మేలు. మాస్టరును నాణ్యమైన డీవీడీ-ఆర్ (ఒకసారి మాత్రమే రాయగల డిస్కు) మీద ఒకే విడతలో రాసి, ఫైనలైజ్ చేసి (అంటే ఇతర ప్లేయర్లలోనూ ఆడేలా రాతను ముగించి), కంప్యూటరులోనే కాక వేర్వేరు ప్లేయర్లలో కూడా మెనూలోని ప్రతి బటనునూ నొక్కి చూస్తూ ఆఖరి ఛాప్టరు దాకా పరిశీలించాలి. దాని మీద కాగితపు లేబులు అంటించకూడదు, బాల్‌పెన్నుతో రాయకూడదు.

డిస్కు మీది డిజైనును ముద్రణ సంస్థ ఇచ్చే టెంప్లేటులోనే, సాధారణంగా 300 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) స్పష్టతతో, సీఎంవైకే (ముద్రణకు వాడే నాలుగు సిరాల) రంగులలో, అంచు దాటి సుమారు 3 మి.మీ. అదనంగా ఉంచి చేయాలి. అక్షరాలను ఔట్‌లైన్లుగా (ఫాంటు అవసరం లేని ఆకారాలుగా) మార్చడం మాత్రం మరవకూడదు. లేకుంటే అవతలి కంప్యూటరులో ఆ ఫాంటు లేనప్పుడు తెలుగు ఒత్తులు చెదిరిపోయి, అలాగే అచ్చయిపోతాయి.