వాక్యూమ్ ప్యాక్ చేసిన కూరను ఫ్రిజ్ బయట ఉంచవచ్చా?

ఉంచకూడదు, గాలి తీసి సీలు వేసినా వండిన కూర, మాంసం, చేపలు 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువ చల్లదనంలోనే ఉండాలి. గాలి లేకపోతే బూజు పట్టదు, నూనె త్వరగా ముక్కిపోదు, నిజమే. కానీ క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా ఆక్సిజన్ లేని చోటే పెరుగుతుంది. దాని బీజాలు మామూలుగా ఉడికించినంత మాత్రాన చావవు. తేమ, వెచ్చదనం దొరికితే అవి మొలకెత్తుతాయి, ఆ బాక్టీరియా నరాలను దెబ్బతీసే విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం వాసనకు, రుచికి తెలియదు. ప్యాకెట్ ఉబ్బలేదు కదా అని తినేయడం కూడా సరికాదు.

సంక్రాంతికి వరంగల్‌లో చేసిన సకినాలను ఇలా ప్యాక్ చేసి హైదరాబాద్‌లోని పిల్లలకు పంపితే ఇబ్బంది లేదు. నూనెలో కరకరలాడేలా వేగి, తేమ దాదాపు పోయిన పిండివంట అది. వాటి పక్కనే మటన్ కూర ప్యాకెట్ పెట్టాలంటే మాత్రం ఐసు పెట్టె తప్పదు. అల్లం వెల్లుల్లి ముద్ద సంగతీ అంతే, దాన్ని చాలామంది మరిచిపోతారు.

గాలి తీస్తే క్రిములు చస్తాయన్నదే అసలు అపోహ. యంత్రం లాగేది గాలిని మాత్రమే, లోపలున్న క్రిములు లోపలే ఉంటాయి.